విశ్రాంతి ఎవరి కోసం?

2024 డిసెంబరులో ‘పుష్ప 2’ చూపిద్దామని మా బాపును మేడ్చల్‌లో ఒక థియేటర్‌కు తీసుకెళ్లాను. ఆయనకు డెబ్బై రెండేళ్లు, పదేళ్లుగా షుగర్. సినిమా 3 గంటల 20 నిమిషాలని పేపర్లో చూసి, బయల్దేరేముందు ఇచ్చిన చాయ్ కూడా ముట్టలేదు. బొమ్మ పడి గంట దాటాక నా మోచేయి తట్టి మెల్లగా అడిగాడు: “ఇంటర్వెల్‌కు ఇంకెంతసేపున్నది బిడ్డా?”

నాకు తెలియదు. హాల్లో ఎవరికీ తెలియదు. టికెట్ మీద ఆట టైము ఉంది, సీటు నంబరుంది, పన్ను లెక్క పైసలతో సహా ఉంది. ఇంటర్వెల్ ఎప్పుడన్నది మాత్రం లేదు. ఇంకో ఇరవై నిమిషాలు ఓర్చుకుని, ఇక ఆగలేక, “జర జరుగుండ్రి బిడ్డా” అనుకుంటూ చీకట్లో తొమ్మిది మంది మోకాళ్లు దాటి బయటికి పోయాడు. మెట్టు కనబడక ఒకచోట కుర్చీ పట్టుకుని ఆగిపోయాడు. తిరిగొచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకు తెర మీద విశ్రాంతి పడింది.

పెద్ద సినిమాలకు ఇంటర్వెల్ అవసరమా అని ఇప్పుడు చాలా దేశాల్లో వాదించుకుంటున్నారు. నా మట్టుకు జవాబు తేలికే. కావాలి. అయితే ఎక్కడ ఆపాలో సినిమా తీసినవాళ్లు నిర్ణయించాలి, ఎప్పుడు ఆపుతారో చూసేవాళ్లకు ముందే తెలియాలి, ఆపిన ఆ కాసేపు పనులు తీరేంత ఉండాలి. మన దగ్గర మొదటిది చాలావరకు ఉంది. మిగిలిన రెండూ లేవు.

ఇంటర్వెల్ ఎందుకొచ్చిందంటే రీళ్లు మార్చడానికి అంటారు చాలామంది. అందులో నిజం కొంతే. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే పాతవాళ్లు సినిమా నిడివిని గంటల్లో కాకుండా రీళ్లలో చెప్పేవాళ్లు, ఫలానాది పదహారు రీళ్ల సినిమా అని. మరి పదహారు రీళ్లకు పదిహేను సార్లు ఆపాలి కదా? ఆపేవాళ్లు కాదు. కేబిన్లో రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒకదాంట్లో ఫిల్ము అయిపోవస్తుంటే తెరకు కుడివైపు పైమూలన చిన్న చుక్క మెరిసేది. ఆపరేటర్ అది చూసి రెండో ప్రొజెక్టర్ అందుకునేవాడు. కింద కూర్చున్నవాళ్లకు ఆ మార్పు తెలిసేది కాదు. ఒక్క ప్రొజెక్టరే ఉన్న డేరా టాకీసుల్లో మాత్రం రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఊళ్లలో పక్కా హాళ్లు కట్టి, రెండో ప్రొజెక్టర్ వచ్చాక కూడా సగంలో ఒక విరామం అలాగే నిలిచిందంటే అది కేబిన్ కోసం కాదు, కుర్చీలోని మనిషి కోసమే. ఇప్పుడు సినిమా డిజిటల్ ఫైలుగా సర్వర్లోకి ఎక్కుతుంది. ఇంటర్వెల్ అంటే అందులో ఎక్కడ ఆగాలో చెప్పే చిన్న గుర్తు మాత్రమే.

మనకు కథ మధ్యలో ఆగడం సినిమాతో వచ్చిన అలవాటూ కాదు. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి మీద ఇంకా పైకి వెళ్తే కొమురవెల్లి మల్లన్న గుడికి దారి వస్తుంది. అక్కడ ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెబుతుంటే జనం గంటల తరబడి కూర్చుంటారు. అయితే కథ ఏకబిగిన సాగదు. డోలు దరువు మారుతుంది, పక్కనున్నవాడు హాస్యం అందుకుంటాడు, ఆ సందులో పెద్దవాళ్లు లేచి కాళ్లు సాపుకుంటారు, పిల్లల్ని పక్కకు తీసుకుపోతారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చేదీ అలాంటి చోటే. రాత్రంతా సాగే కథకు ఊపిరి తీసుకునే చోటు ఉండాలని ఆ కళాకారులకు తెలుసు. అదెక్కడ పెట్టాలో కూడా వాళ్లకే తెలుసు.

తెలుగు సినిమా ఆ విద్యను బాగా పట్టుకుంది. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) మూడు గంటలు దాటిన సినిమాలు. ‘లవకుశ’ (1963) దాదాపు మూడున్నర గంటలు. ‘దాన వీర శూర కర్ణ’ (1977) నాలుగు గంటలకు దగ్గరగా పోతుంది. ఆనాడు వీటిని ఎడ్లబండ్ల మీద వచ్చి చూసినవాళ్లు నిడివి గురించి పెద్దగా సణిగినట్టు వినలేదు. మధ్యలో ఇంటర్వెల్ ఉంది, బయట మైదానం ఉంది, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులున్నాయి. హిందీలో రాజ్ కపూర్ ‘సంగం’ (1964)కు, ‘మేరా నామ్ జోకర్’ (1970)కు రెండేసి ఇంటర్వెల్స్ ఇచ్చాడు. నాలుగు గంటలకు ఒక్కటి చాలదని ఆయనే గ్రహించాడు.

ఆ తర్వాత మన రచయితలు ఇంటర్వెల్‌ను కథలో ఒక స్తంభంలా నిలబెట్టారు. ఇంటర్వెల్ బ్యాంగ్ అన్న మాట అట్లా పుట్టింది. దీన్ని బాగా వాడినవాళ్లలో రాజమౌళి ముందుంటారు. ‘బాహుబలి 2’ (2017) ఇంటర్వెల్ గుర్తు తెచ్చుకోండి. పట్టాభిషేకం భల్లాలదేవుడిది. అమరేంద్ర బాహుబలి సర్వసైన్యాధ్యక్షుడిగా ప్రమాణం చేయగానే జనం హోరుకు మాహిష్మతి అదిరిపోతుంది. సింహాసనం ఒకరిదైతే జనం మనసు ఇంకొకరిది. అక్కడ లైట్లు వేస్తే ప్రేక్షకుడు ఆ అసూయ ఏం చేస్తుందో ఊహించుకుంటూ బయటికి నడుస్తాడు. ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో భీమ్ అడవి మృగాలతో గవర్నర్ బంగళా మీద పడటం, స్నేహితుడే ఎదురు రావడం, ఇద్దరి మధ్యా ఏముందో ఇద్దరికీ తెలియడం. ఆ పదిహేను నిమిషాలూ క్యాంటీన్ వరుసలో నిలబడ్డ వాళ్లంతా మాట్లాడుకున్నది దాని గురించే. నేను ఆ వరుసలో ఉన్నాను. సమోసాల పొట్లం అందుకుంటూ నా ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి, ముఖపరిచయం లేని నన్ను, “రామ్ ఎందుకిట్ల చేసిండంటారు అన్నా?” అని అడిగాడు. అంతమంది ఒకేసారి ఆగి ఒకే ప్రశ్నతో తలపడటం నాకు చాలా ఇష్టమైన దృశ్యం. ఇంట్లో ఫోన్లో చూసేవాడికి అది దొరకదు.

దీనికి నష్టం లేదని అనను. బ్యాంగ్ కోసం మొదటి సగాన్ని సాగదీసే సినిమాలు కోకొల్లలు. అరగంట కామెడీ, రెండు పాటలు, ఒక ఫైటు గుప్పించి, అసలు కథను ఇంటర్వెల్ ముందు ఐదు నిమిషాల్లో మొదలుపెడతారు. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ పోయింది అనే తీర్పు మన నాలుక మీద అంతగా స్థిరపడిందంటే రచయితలు ఒక కథను కాకుండా రెండు ముక్కల్ని రాస్తున్నారని అర్థం. గంటన్నరలో నిండుగా చెప్పగలిగే కథకు ఇంటర్వెల్ అక్కర్లేదు. కిరణ్ రావ్ తీసిన ‘ధోబీ ఘాట్’ (2011)ను ఇంటర్వెల్ లేకుండానే విడుదల చేశారు. ఆ సినిమాకు అదే సరైన పద్ధతి. రెండు గంటల లోపు సినిమా తీసే తెలుగు దర్శకుడు ఎవరైనా నాకు ఇంటర్వెల్ వద్దంటే థియేటర్లు ఒప్పుకోవాలి.

ఇంటర్వెల్‌ను అసలు లెక్కలోకే తీసుకోకుండా తీసిన సినిమాల సంగతి వేరు. 2023లో ‘ఓపెన్‌హైమర్’ సరిగ్గా మూడు గంటల సినిమాగా వచ్చింది. దర్శకుడు నోలన్ దాన్ని ఒకే ప్రవాహంగా కట్టాడు. మన థియేటర్లలో దానికీ ఇంటర్వెల్ ఇచ్చారు. ఇలాంటి ఇంగ్లిష్ సినిమాలకు ఎక్కడ ఆపాలన్నది తీసినవాళ్ల చేతుల్లో ఉండదు. నేను చూసిన ఒక సినిమాలో పాత్ర నోరు తెరిచి మాట పూర్తి చేయకముందే తెర నల్లబడి, ఆ వెంటనే ఒక నగల దుకాణం ప్రకటన మొదలైంది. తిరిగి మొదలైనప్పుడు ఆ మాట ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తు లేదు. ఇంటర్వెల్ అంటేనే వద్దనేవాళ్ల కోపానికి ఇలాంటి కోతలే కారణం, ఆ కోపం న్యాయమైంది కూడా. పంపిణీదారు ఆ దర్శకుడి బృందానికి ఒక లేఖ రాసి, భారతదేశంలో ఆపాల్సి వస్తుంది, ఎక్కడ ఆపమంటారు అని అడిగితే సరిపోయే పని ఇది.

అమెరికాలో కథ తిరగబడి నడిచింది. ‘బెన్ హర్’ (1959), ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962) లాంటి పెద్ద సినిమాలకు అక్కడా ఇంటర్వెల్ ఉండేది. మల్టీప్లెక్సులొచ్చి రోజుకు ఎక్కువ ఆటలు వేయాలన్న ఒత్తిడి పెరిగాక ఆ ఆచారం దాదాపు పోయింది. 2023లో స్కోర్సేసీ ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’ 206 నిమిషాలతో వస్తే కొన్ని థియేటర్లు సొంతంగా విరామం పెట్టాయి. పంపిణీ సంస్థ అలా కుదరదని ఆపించింది. మరుసటి ఏడాది ‘ద బ్రూటలిస్ట్’ దర్శకుడు ఇంకో దారి పట్టాడు. 215 నిమిషాల సినిమాలో 15 నిమిషాల విరామాన్ని తనే పెట్టాడు. తెర మీద ఒక పెళ్లి ఫొటో, దాని మీద సెకన్లు తగ్గిపోతూ గడియారం. ఎంతసేపుందో కూర్చున్న ప్రతివాడికీ కనబడుతుంది. మనం నూరేళ్లకు దగ్గరగా ఇంటర్వెల్ ఇస్తున్నాం, ఆ గడియారం ఆలోచన మాత్రం మనకు రాలేదు.

ఇక ఒంటి సంగతి. దీన్ని చెప్పుకోవడానికి మొహమాటపడతాం కానీ చర్చంతా దీని చుట్టూనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి మూత్రాశయంలో 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరగానే మొదటి కబురు అందుతుంది. 400 దాటితే కూర్చోవడం కష్టం. మామూలుగా గంటకు యాభై, అరవై మిల్లీలీటర్లు చేరతాయి కాబట్టి రెండు గంటలు పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ఆట మొదట్లో అర లీటరు కూల్‌డ్రింకు తాగితే లెక్క మారుతుంది, అందులో చాలా భాగం గంటా రెండు గంటల్లో కిందికి వచ్చేస్తుంది. ఏసీ చలి దాన్ని ఇంకా పెంచుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకు రక్తంలోని ఎక్కువ చక్కెరను కిడ్నీలు బయటికి పంపేటప్పుడు నీటిని కూడా లాక్కుపోతాయి. మగవాళ్లలో వయసుతో ప్రొస్టేట్ పెరిగితే ఆపుకునే శక్తి తగ్గుతుంది. గర్భిణులకు బిడ్డ బరువు మూత్రాశయం మీదే ఉంటుంది. వీళ్లెవరూ సినిమా మీద ప్రేమ తక్కువై లేవరు.

200 నిమిషాల సినిమాను సరిగ్గా సగంలో ఆపినా, ముందు వేసే ప్రకటనలతో కలిపి మనిషి రెండు గంటలకు దగ్గరగా కూర్చుంటాడు. 2025 అక్టోబర్ 31న వచ్చిన ‘బాహుబలి: ది ఎపిక్’ రెండు భాగాలను కలిపి కూర్చిన సినిమా, సుమారు 3 గంటల 45 నిమిషాలు. దానికీ ఇంటర్వెల్ ఒక్కటే. రాజ్ కపూర్ 1964లో చేసిన ఆలోచన ఇప్పుడు చేయడానికి ఏం అడ్డమో నాకు తెలియడం లేదు.

ఆడవాళ్ల మరుగుదొడ్ల దగ్గర నిలబడి చూడండి, ఇంటర్వెల్ ఎంతసేపుండాలో అక్కడే తెలుస్తుంది. లెక్క చిన్నది. నాలుగు గదులున్నాయనుకుందాం. చీరలు, పిల్లలు, బ్యాగులతో ఒక్కొక్కరికి సగటున రెండు నిమిషాలు పట్టిందనుకుందాం. పదిహేను నిమిషాల్లో ముప్పై మంది పని అవుతుంది. పండక్కి వచ్చిన సినిమాకు హాల్లో రెండొందల మంది ఆడవాళ్లుంటే మిగతా నూట డెబ్బై మంది ఏం చేయాలి? మా చెల్లెలు ఎన్నోసార్లు వరుసలో సగం దాకా వెళ్లి, లోపల పాట మొదలైన చప్పుడు విని వెనక్కి వచ్చేసింది. వచ్చి మూడో గంట అట్లాగే కూర్చుంది. ఇంటర్వెల్ ఉందని మనం చెప్పుకుంటున్నాం, ఆమెకు మాత్రం ఆ రోజు ఇంటర్వెల్ లేనట్టే.

థియేటర్ యజమానులకు ఇంటర్వెల్ మీద ప్రేమ ఉంది. దాని కారణం దాచుకునేది కాదు. తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్లు చాలాకాలంగా అద్దె పద్ధతిలో నడుస్తున్నాయి. టికెట్ డబ్బు పంపిణీదారుకు పోతుంది, థియేటర్‌కు కట్టిన అద్దె వస్తుంది. 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు ఈ పద్ధతి వద్దు, వసూళ్లలో శాతం ఇవ్వండని గట్టిగా పట్టుబట్టింది అందుకే. ఈ పరిస్థితిలో వాళ్లకు సొంతంగా మిగిలేది క్యాంటీన్, బండ్ల స్టాండు. ఇంటర్వెల్‌కు పది నిమిషాల ముందు ఏ ఊరి థియేటర్ క్యాంటీన్‌కైనా వెళ్లండి. నూనె కాగుతుంటుంది. ఉల్లిపాయ సమోసాలు పళ్లెంలో గుట్టగా పోసి ఉంటాయి. పదహారేళ్ల కుర్రాడు పాప్‌కార్న్ పొట్లాలు వరుసగా పేర్చి, చిల్లర నోట్లు వేళ్ల మధ్య ఇరికించుకుని తలుపుల వైపే చూస్తుంటాడు. ఆ పావుగంట బేరంతోనే వాళ్ల ఇల్లు గడవాలి. మల్టీప్లెక్సుల్లోనూ అంతే. దేశంలో పెద్దదైన పీవీఆర్ ఐనాక్స్ లెక్కల్లో 2023–24లో సగటు టికెట్ 259 రూపాయలైతే, ఒక్కో ప్రేక్షకుడు తిండికి పెట్టింది 132 రూపాయలు. ఇంటర్వెల్ తీసేస్తే ఈ వ్యాపారం చాలావరకు పోతుంది, అప్పుడు టికెట్ ధర పెరుగుతుంది. అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. బయటి తిండిని ఆపే హక్కు థియేటర్‌కు ఉందని, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నీళ్ల కుళాయి ఎక్కడుందో మీ థియేటర్‌లో ఒకసారి వెతకండి.

పొగాకు కనబడే సినిమాలకు మొదట్లో, మధ్యలో కనీసం ముప్పై సెకన్ల చొప్పున హెచ్చరిక చిత్రాలు వేయాలని 2012 అక్టోబర్ 2 నుంచి నిబంధన ఉంది. అది ఎప్పుడూ తప్పదు, టైముకు పడుతుంది. అంటే మధ్యలో ఫలానా చోట ఫలానాది చూపించి తీరాలని ప్రభుత్వం అనుకుంటే జరుగుతుందన్నమాట. ఇంటర్వెల్ వ్యవధిని తెర మీద చూపించడం అంతకన్నా తేలిక.

యజమానులు చెప్పే ఇబ్బంది ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. 200 నిమిషాల సినిమా, పావుగంట ఇంటర్వెల్, పది నిమిషాల ప్రకటనలు, హాలు ఊడ్చి జనాన్ని మార్చడానికి ఇంకో పావుగంట. మొత్తం నాలుగు గంటలు. పొద్దున పదికి మొదలుపెడితే పది, రెండు, ఆరు, రాత్రి పది. సెకండ్ షో వదిలేసరికి ఒంటిగంటా ముప్పావు. తుర్కపల్లి కంపెనీల్లో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, తూంకుంట, అలియాబాద్ నుంచి బండ్ల మీద వచ్చిన కుర్రాళ్లు ఆ వేళకు నిద్రమత్తులో హైవే ఎక్కుతారు. బస్సుండదు, షేర్ ఆటో ఉండదు. ఇంటర్వెల్ ఇంకో ఐదు నిమిషాలు పెంచితే ఇంటికి చేరేది ఇంకా ఆలస్యం అంటారు. కానీ ఆ పది నిమిషాల ప్రకటనలు ఎవరడిగారు? వాటిని సగానికి తగ్గిస్తే ఇంటర్వెల్‌కు ఐదు నిమిషాలు ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. రోజుకు నాలుగే ఆటలు పడతాయని తెలిసి మూడున్నర గంటల సినిమా తీసే నిర్మాత కూడా ఆ బరువులో తన వంతు మోయాలి.

ఓటీటీ వచ్చాక ఎవరికి కావలసినచోట వాళ్లు ఆపుకుంటున్నారు కదా, ఇక ఇంటర్వెల్ ఎందుకని శామీర్‌పేట దగ్గర చదువుకునే విద్యార్థులు నాతో వాదించారు. ఆపుకునే స్వేచ్ఛ మంచిదే. కానీ ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కోచోట ఆపుతాం, ఫోను వచ్చినప్పుడు, కుక్కర్ కూత వేసినప్పుడు. థియేటర్‌లో ఐదొందల మంది ఒకేచోట, తీసినవాడు ఎంచుకున్నచోట ఆగుతారు. ‘ఆర్ఆర్ఆర్’ నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టినప్పుడూ ఆ ఇంటర్వెల్ అక్షరాలు తీసేయలేదు. ఆ చోటు కథలో భాగమని తీసినవాళ్లు అనుకున్నారు కాబట్టే ఉంచారని నా నమ్మకం.

రెండు గంటల లోపైతే దర్శకుడి ఇష్టం. రెండు దాటి మూడు దాకా ఒక ఇంటర్వెల్, పావుగంటకు తగ్గకుండా. మూడు దాటితే ఇరవై నిమిషాలు. మూడున్నర దాటితే రెండుసార్లు. ఇందుకు చట్టం కూడా అక్కర్లేదు, బుకింగ్ కౌంటర్ దగ్గర చిన్న బోర్డు చాలు: విశ్రాంతి ఎన్ని గంటలకు, ఎంతసేపు. టికెట్ అమ్మే యాప్‌లో ఒక గడి చాలు. తెర మీద తగ్గిపోయే గడియారం చాలు.

మా బాపు ఆ తర్వాత థియేటర్‌కు రానన్నాడు. “టీవీల వస్తది కద, అప్పుడు చూస్తలే” అంటున్నాడు. ఎన్టీ రామారావు సినిమాలకు పొరుగూరికి నడిచిపోయి చూసి వచ్చిన మనిషి ఆయన. మీ ఇంట్లోనూ అట్లా మానుకున్న పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఈసారి టికెట్ తీసుకునేటప్పుడు కౌంటర్‌లో ఉన్నవాళ్లను ఒక్క మాట అడగండి, ఇంటర్వెల్ ఎన్నింటికి అని. తెలియదంటే మేనేజర్‌ను అడగండి. సర్వర్లో ఆ గుర్తు ఉంటుంది, ఆపరేటర్‌కు నిమిషంతో సహా తెలుసు.